కోపిష్టి అనే ముందు



అయినదానికీ కానిదానికీ విసుక్కునే మనిషిని, మాట పూర్తికాకముందే కసురుకునే మనిషిని ఇంగ్లీషులో ఏమంటారు? ఈ ప్రశ్న పిల్లలకు బడిలో ఎదురవుతుంది. సరైన మాట రాస్తే మార్కు పడుతుంది, అక్కడితో ఆ మాట పని అయిపోతుంది. ఇంట్లో అలా జరగదు. "మా ఆయన ముక్కోపి", "మా పెద్దోడిది చిరాకు గుణం", "ఆ ముసలాయన జోలికి పోకు" అని ఒకసారి పేరు పెట్టామంటే అది ఏళ్ళ తరబడి ఆ మనిషిని వదలదు. అందుకని ఇవాళ కోపం మాటల గురించి మాట్లాడదలచుకున్నాను. ఇంగ్లీషులో ఉన్నవీ, మనకున్నవీ, వాటిని మనం ఎవరి మీద ఎలా వాడుతున్నామన్నదీ.

చంద్రపూర్ జిల్లా కోఠారి వైపు ఉండే తెలుగు కుటుంబాలను మనసులో పెట్టుకొని చెబుతున్నాను. కోఠారి బల్లార్‌పూర్ నుంచి గోండ్‌పిప్రి వెళ్ళే దారిలో ఉంది. చుట్టూ టేకు, వెదురు అడవి. ఇటు వస్తే బల్లార్‌పూర్ కాగితపు మిల్లు, బొగ్గు గనులు. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్ళే పెద్ద రైలు మార్గం మీది బల్లార్షా జంక్షన్ కూడా అక్కడే. పక్కనున్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో భాగం. ఈ నేల మీద తెలుగు కొత్తగా వచ్చిన భాష కాదు. ఇక్కడి మన ఇళ్ళలో తెలుగు, బజారులో మరాఠీ, పని దగ్గర హిందీ, పిల్లల పుస్తకాల్లో ఇంగ్లీషు నడుస్తాయి. దాంతో ఒకే మనిషికి నాలుగు పేర్లు పడతాయి. ఇంట్లో ముక్కోపి, పక్కింటివాళ్ళకు తాపట్, తోటి పనివాళ్ళకు చిడ్‌చిడా, కూతురి పుస్తకంలో షార్ట్ టెంపర్డ్.

ఇంగ్లీషులో ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి. పైకి అన్నీ ఒకటే అనిపిస్తాయి గానీ, దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక్కొక్కటి ఒక్కో రకం మనిషిని చూపిస్తుంది. షార్ట్ టెంపర్డ్ అంటే కోపం ముక్కు మీదే ఉన్నవాడు. చటుక్కున వస్తుంది, చాలామందిలో చటుక్కున పోతుంది కూడా. టచీ అంటే వేరు. వాడితో మామూలుగా మాట్లాడటమే కష్టం. "అన్నం తిన్నావా?" అంటే "నేను తినడానికే వస్తానా మీ ఇంటికి?" అంటాడు. ప్రతి మాటా తనను పొడవడానికే అన్నారనుకుంటాడు. పెట్యులెంట్ అంటే అడిగింది దొరకనందుకు చిన్నపిల్లాడిలా ఉడుక్కునే పెద్దమనిషి. మన ఉడుకుమోతు. పీవిష్ అంటే అరవడు, కొట్టడు, రోజంతా సణుగుతాడు. కూరలో ఉప్పు తక్కువైందనీ, తలుపు గట్టిగా వేశారనీ, ఫ్యాను చప్పుడు చేస్తోందనీ. కాంటాంకరస్ అంటే ప్రతిదానికీ అడ్డం తిరిగి తగువుకు దిగేవాడు. ఈ మాటను ఇంగ్లీషువాళ్ళు ఎక్కువగా వయసు మళ్ళినవాళ్ళకు వాడతారు. గ్రంపీ అంటే నోరు విప్పకముందే మొహం చిట్లించుకుని ఉండేవాడు. 1937లో డిస్నీ సంస్థ తీసిన స్నో వైట్ సినిమాలో ఏడుగురు మరుగుజ్జుల్లో ఒకడి పేరే గ్రంపీ. ఆ బొమ్మ చూసిన పిల్లలకు ఆ మాట అర్థం చెప్పక్కర్లేదు.

ఇక క్రాంకీ. ఈ మధ్య మన ఇళ్ళలో తల్లుల నోట బాగా వినిపిస్తోంది. "బాబు పొద్దున్నుంచీ క్రాంకీగా ఉన్నాడు, రాత్రి సరిగా పడుకోలేదు" అంటారు. హ్యాంగ్రీ అని ఇంకో మాట ఉంది. ఆకలి వల్ల వచ్చే కోపానికి ఆకలినీ కోపాన్నీ కలిపి చేసిన మాట. 2018లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది.

ఈ చివరి రెండు మాటలను కాస్త పట్టి చూడండి. ముందు చెప్పినవి ఎక్కువగా మనిషి గుణాన్ని చెప్పేవి. ఈ రెండూ ఆ పూట సంగతి చెబుతాయి. క్రాంకీగా ఉన్న బిడ్డను ఎవరూ తిట్టరు, పడుకోబెడతారు. ఆకలితో కసురుకున్నవాడికి ముందు అన్నం పెడతారు. కారణం మాటలోనే ఉంది గనుక చేయాల్సిన పని కూడా దానితోనే తెలుస్తుంది.

మాటల్లోని ఈ తేడాను పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. 1936లో గోర్డన్ ఆల్పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ముందు పెట్టుకొని, మనిషిని వర్ణించే ప్రతి మాటనూ ఏరారు. దాదాపు 18 వేలు తేలాయి. వాటిని నాలుగు వరసలుగా విడదీశారు. మనిషిలో ఎప్పుడూ ఉండే గుణాన్ని చెప్పే మాటలు సుమారు నాలుగున్నర వేలు. ఆ కాసేపటి స్థితిని చెప్పే మాటలు కూడా దాదాపు అన్నే. మిగతావి మెచ్చుకోళ్ళూ తెగడ్తలూ ఇతరాలూ. అంటే గుణానికి ఎన్ని మాటలున్నాయో, పూటకు కూడా ఆ భాషలో అన్ని మాటలున్నాయన్నమాట.

మన తెలుగులోనూ రెండు రకాలూ ఉన్నాయి. ముక్కోపి, ముంగోపి, కోపిష్టి, ఉడుకుమోతు, గయ్యాళి అన్నవి మనిషికి వేసే ముద్రలు. చిరాకు, విసుగు, కస్సుబుస్సు, రుసరుస, చిటపట, చిర్రుబుర్రు అన్నవి వచ్చి పోయేవి. "చిరాగ్గా ఉంది" అంటాం, "చిర్రుబుర్రులాడుతున్నాడు" అంటాం. ఆ క్రియలోనే అది ఇప్పటి సంగతి అని ఉంది. రేపు ఉండకపోవచ్చు. ఇంత చక్కని ఏర్పాటు భాషలో ఉండగా మనం చేస్తున్నదేమిటంటే, ఆ పూట సంగతి చెప్పే మాట వాడాల్సిన చోట ముద్ర వేసేస్తున్నాం. నాకు బాధ కలిగించేది ఇదే.

మే నెలలో కోఠారి వైపు ఒక ఇల్లు ఎలా ఉంటుందో చూడండి. చంద్రపూర్ దేశంలోనే బాగా వేడెక్కే ఊళ్ళలో ఒకటి. 2019 మే నెలలో అక్కడ 48 డిగ్రీలకు చేరింది. రేకుల కప్పు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే ఇల్లు చేరిన మనిషి పడుకోవాలి. తొమ్మిదయ్యేసరికి రేకులు కాలిపోతాయి. కరెంటు పోతుంది. కూలరు ఆగుతుంది. పిల్లలకు సెలవులు, గదిలోనే ఆడుకుంటారు. గిన్నె కిందపడ్డ చప్పుడుకు ఆయన లేచి కూర్చుని అరుస్తాడు. పిల్లలు గోడకు అతుక్కుపోతారు. ఇంటావిడ తెల్లారకముందే నీళ్ళు పట్టి, పొయ్యి దగ్గర నిలబడి, బట్టలు ఉతికి వచ్చింది. ఆమెకు నిద్ర ఆయనకంటే తక్కువ. "గట్ల గరమైతవేంది పిల్లల మీద? కాళ్ళు కడుక్కొని రా, బువ్వ పెడ్తా" అంటుంది. ఆ గొంతులో కూడా విసుగు ఉంటుంది. సాయంత్రం పక్కింటామెతో "మా ఆయనకు ముక్కు మీదనే ఉంటది గుస్స" అంటుంది. పక్కింటామె తలూపుతుంది. అక్కడితో ముద్ర పడిపోయింది. రాత్రి డ్యూటీ, రేకుల వేడి, పోయిన కరెంటు, తెగిపోయిన నిద్ర, ఇవన్నీ ఆ ఒక్క మాట కింద మరుగున పడిపోయాయి.

అడవి మీద బతికే ఇళ్ళకు మండుటెండలే పని కాలం. ఇప్పపూల సీజను, ఆ వెనకే తునికాకు కోత. తెల్లవారుజామునే అడవిలోకి వెళ్ళాలి. పులి భయం ఉన్న అడవి. ఆకు తెచ్చి, కట్టలు కట్టి, కల్లంలో అప్పజెప్పేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఇంటికొచ్చిన మనిషిని ఎవరు పలకరించినా విసుగ్గానే జవాబు వస్తుంది. దాన్ని గుణం అనడం న్యాయమేనా?

వేడికీ చిరాకుకూ ఉన్న సంబంధాన్ని పరిశోధకులు పరీక్షించి చూశారు. 1970లో విలియం గ్రిఫిట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కొంతమంది విద్యార్థులను మామూలు గదిలో, మరికొంతమందిని బాగా వేడిగా ఉన్న గదిలో కూర్చోబెట్టి, ముక్కూమొహం తెలియని ఒక మనిషి అభిప్రాయాలు చదివించి, ఆ మనిషి మీకు నచ్చాడా అని అడిగాడు. వేడి గదిలో ఉన్నవాళ్ళకు ఆ మనిషి తక్కువ నచ్చాడు. అతను వాళ్ళకు చేసిన అపకారం ఏమీ లేదు. 1986లో అమెరికాలోని ఎడారి నగరం ఫీనిక్స్‌లో ఇంకో పరీక్ష చేశారు. పచ్చదీపం పడ్డాక కూడా ఒక కారును కదలకుండా నిలిపి, వెనకున్నవాళ్ళు ఎంతసేపు, ఎన్నిసార్లు హారన్ కొడతారో లెక్కపెట్టారు. ఎండ పెరిగే కొద్దీ హారన్ పెరిగింది. కారు అద్దాలు దించుకుని, చల్లదనం లేకుండా ఉన్నవాళ్ళలో ఈ పెరుగుదల మరీ స్పష్టంగా కనిపించింది. చల్లని కారులో కూర్చున్నవాడు ఓపికమంతుడు, చెమటలు కక్కుతూ కూర్చున్నవాడు కోపిష్టి అని పేరు పెట్టేముందు ఆ అద్దం సంగతి ఆలోచించాలి.

శరీరంలోనే కోపానికి మూలం వెతకడం మనుషులకు చాలా పాత అలవాటు. ప్రాచీన గ్రీకు వైద్యులు శరీరంలో నాలుగు ద్రవాలు ఉంటాయనీ, పసుపుపచ్చ పైత్యరసం ఎక్కువైతే మనిషి కోపిష్టి అవుతాడనీ నమ్మారు. ఇంగ్లీషులో కొలెరిక్, బిలియస్ అనే మాటలు ఆ పైత్యరసం నుంచి వచ్చినవే. స్ప్లెనెటిక్ అనే మాట ప్లీహం నుంచి వచ్చింది. మన ఆయుర్వేదం కూడా వాత, పిత్త, కఫాలు అని విడదీసి, పిత్త ప్రకృతి ఉన్నవాడికి కోపం త్వరగా వస్తుందని చెప్పింది. ఆ వైద్యం తీరు నేటి శాస్త్రానికి భిన్నంగా ఉండవచ్చు. కానీ విసుక్కుంటున్న మనిషిలో ముందు శరీరాన్ని చూడమన్న వాళ్ళ చూపు మంచిది. ఈ రోజు డాక్టర్లు కూడా అదే చెబుతారు. నిద్ర చాలకపోవడం, నొప్పి, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, షుగరు ఉన్నవాళ్ళలో చక్కెర ఒక్కసారిగా పడిపోవడం, సారా లేదా పొగాకు మానేసిన మొదటి రోజులు, ఇవన్నీ మనిషిని చిరాకుపెడతాయి. పిల్లల్లో, ఎదిగే వయసువాళ్ళలో మనోవ్యాకులత దిగులుగా కాక చిరాకుగా బయటపడవచ్చు. మూడు నెలల కిందటి దాకా నవ్వుతూ తిరిగిన పిల్లవాడు ఇప్పుడు ప్రతి మాటకూ కసురుకుంటుంటే, "పొగరెక్కింది వీడికి" అని వదిలేయకండి. పక్కన కూర్చుని అడగండి.

ఇంకో సంగతి చెప్పాలి. కోపం మాటలు అందరి మీదా ఒకేలా పడవు. పైఅధికారి అరిస్తే "సారు చాలా స్ట్రిక్టు" అంటాం. అదే గొంతుతో కూలిమనిషి మాట్లాడితే "వీడికి పొగరు" అంటాం. పేదవాడి కోపం పెదవికి చేటు అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఇంటి పెద్ద విసుక్కుంటే "ఆయనకు ఎన్ని తలనొప్పులో" అంటాం. ఇల్లాలు విసుక్కుంటే "గయ్యాళి" అంటాం. గయ్యాళికి సరిపోయే మగ మాట మన భాషలో వెంటనే నోటికి రాదు. ఇంగ్లీషులోనూ అంతే. ష్రూ అనే మాటను ఎక్కువగా ఆడవాళ్ళకే వాడారు, ఆ మాటతోనే షేక్‌స్పియర్ నాటకానికి పేరుంది. 1962లో వచ్చిన గుండమ్మ కథ సినిమాలో సూర్యకాంతంగారు గుండమ్మ పాత్రను ఎంత బాగా పోషించారంటే, సూర్యకాంతం అన్న పేరే తెలుగు ఇళ్ళలో గయ్యాళితనానికి మారుపేరు అయిపోయింది. ఆ ఘనత ఆ మహానటిది. కానీ ఆ పేరును తీసుకెళ్ళి, పొద్దుటి నుంచి పొయ్యి ముందు నిలబడి అలసిపోయిన ఇల్లాలికి తగిలించడం మాత్రం మనం చేసిన తప్పు.

కోపానికి పేరుమోసిన ఋషి ఎవరంటే తెలుగువాళ్ళు దుర్వాసుడు అంటారు. మరాఠీవాళ్ళు జమదగ్ని అంటారు. కోపంతో ఊగిపోతున్న మనిషిని జమదగ్ని అవతారం అనడం మరాఠీలో వాడుక. ఆయన భార్య రేణుకాదేవి గుడి నాందేడ్ జిల్లా మాహుర్‌లో ఉంది. ఆదిలాబాద్ వైపు నుంచి మనవాళ్ళు దర్శనానికి వెళ్తుంటారు. జమదగ్ని కోపం కథల్లో ఆమె తల నరికించిన కథే అందరికీ తెలుసు. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ఇంకో కథ ఉంది. దాన్ని మన ఇళ్ళలో ఎక్కువగా చెప్పుకోవాలని నా కోరిక.

జ్యేష్ఠ మాసం, మధ్యాహ్నం. జమదగ్ని వింటితో బాణాలు వేస్తూ పొద్దు గడుపుతున్నాడు. రేణుక పరుగెత్తి ఆ బాణాలు ఏరి తెచ్చి ఇస్తోంది. ఒకసారి ఆమె రావడం ఆలస్యమైంది. వణుకుతూ వచ్చి నిలబడింది. ఇంత ఆలస్యం ఎందుకైందని ముని కోపంగా అడిగాడు. నడినెత్తిన ఎండ, తలా పాదాలూ మాడిపోతుంటే చెట్టు నీడన కాసేపు నిలబడ్డానని ఆమె చెప్పింది. ఆ మాట విన్నాక ముని కోపం ఆమె మీద నిలవలేదు. నా భార్యను ఇంత బాధ పెట్టావా అని సూర్యుడికే బాణం ఎక్కుపెట్టాడు. సూర్యుడు బ్రాహ్మణ రూపంలో దిగివచ్చి బతిమాలుకున్నాడు. చివరికి ముని చేతికి ఒక గొడుగు, ఒక జత చెప్పులు ఇచ్చాడు. లోకంలోకి గొడుగూ చెప్పులూ అలా వచ్చాయంటుంది కథ.

ఇందులో ముని కోపం మొదట రేణుక మీద పడింది. ఎండలో అందరికంటే ఎక్కువ మాడినది ఆమే, కోపం మొదట తగిలినదీ ఆమెకే. మన ఇళ్ళలోనూ అంతే. గనిలో పడ్డ కష్టం, ఫారెస్టు గార్డుతో వచ్చిన మాట, చేతికి రాని కూలి డబ్బు, వీటన్నిటి కోపం తలుపు తీసిన మనిషి మీద పడుతుంది. ముని చేసిన మంచి పని ఒకటుంది. ఎందుకు అని అడిగాడు, జవాబు విన్నాడు. విన్న తరవాత కోపానికి అసలు కారణం దొరికింది. కారణం దొరికాక దానికి తగిన మందు కూడా దొరికింది.

మరి మనం ఏం చేయవచ్చు? మొదటిది, మన సంగతి మనమే చెప్పుకోవడం. "నాకు నిద్ర చాలలేదు, చిరాగ్గా ఉంది, కాసేపు వదిలెయ్యండి" అని నోటితో అనడం చిన్న విషయం కాదు. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం మనుషుల మెదళ్ళను స్కానింగ్‌లో చూసి ఒక సంగతి చెప్పింది. కోపంగానో భయంగానో ఉన్న మొహాల బొమ్మలు చూపించి, ఆ మొహంలో ఉన్న భావానికి పేరు పెట్టమన్నప్పుడు, మెదడులో భయమూ కోపమూ రగిలే భాగంలో అలజడి తగ్గింది. అందుకే పిల్లలకు ఒక్క యాంగ్రీ అనే మాటతో సరిపెట్టకుండా టచీ, క్రాంకీ, పీవిష్ అన్నిటినీ నేర్పమంటాను. తెలుగులో విసుగు, ఉక్రోషం, అలక, చిరాకు వేరువేరని చెప్పమంటాను. తనకు వచ్చింది ఉక్రోషమో అలసటో తెలిసిన పిల్లవాడు దాన్ని దాటడం కూడా నేర్చుకుంటాడు.

రెండోది, ఇంటి ఏర్పాటు. రాత్రి డ్యూటీ చేసినవాళ్ళు పడుకునే వేళ పిల్లలను వేరేచోట ఆడించడం, రేకుల మీద వెదురు తడకో గడ్డో పరవడం, ఎండ ముదిరాక పెద్ద మాటలేవీ ఎత్తకుండా చల్లబడ్డాక మాట్లాడుకోవడం. ఇల్లాలికి కూడా మధ్యాహ్నం గంటసేపు నడుం వాల్చే వేళ ఇంట్లో అందరూ ఒప్పుకొని కేటాయించడం. పని చేయించేవాళ్ళు నడిఎండ గంటల్లో పని ఆపి, నీడా నీళ్ళూ చూడాలి. అది వాళ్ళు చేసే దయ అనుకోకూడదు, వాళ్ళ బాధ్యత.

మూడోది, గట్టిగా చెప్పాల్సింది. కారణం వెతకమంటున్నాను గానీ, దెబ్బను భరించమనడం లేదు. చేయి చేసుకోవడం చిరాకు కాదు. ఎండా, అలసటా, సారా దానికి సాకులు కావు. గృహహింస నుంచి రక్షణకు 2005లోనే చట్టం వచ్చింది. 181 నంబరుకు ఫోన్ చేస్తే మహిళలకు సాయం అందుతుంది. ఇక మనసు కుదుట పడక, చిరాకు వారాల తరబడి తగ్గకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కోఠారిలో ఉన్నా, కాగజ్‌నగర్‌లో ఉన్నా, దుబాయి ఎండలో పనిచేస్తున్నా, మీ ఇంట్లో ఒకరికి ముక్కోపి అనే పేరు ఉండే ఉంటుంది. ఈ వారం ఆ పేరు పక్కన పెట్టండి. ఆ మనిషి విసుక్కున్నప్పుడల్లా, ఇవాళ నిద్రపోయారా, తిన్నారా, ఎక్కడైనా నొప్పిగా ఉందా, పనిలో ఎవరైనా ఏమైనా అన్నారా అని ఒక్కటి అడగండి. మొదటి రోజు దానికీ కసురుకోవచ్చు. రెండో రోజు కూడా అడగండి. జవాబు వచ్చిన రోజున మీరు చేయగలిగిన పని ఏదో ఒకటి అందులో తప్పకుండా ఉంటుంది.